దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు

మన సంఘము యొక్క వార్షిక మహాసభల సందర్భమున వెలువడు ఈ సంచికలో మహాపురుషుల జీవితములను ప్రకటించుట ఆచారమై యున్నది. సాధారణముగ నిట్టి వ్యాసములలో పదవులు, బిరుదులు, సన్మానములు వరుసగా పేర్కొనబడును. చదువరులు చేతులు జోడించి పుట త్రిప్పుదురు. ఈ యేడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిని గూర్చి వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరినప్పుడు, వారి బిరుదులకంటె వారి గృహస్థధర్మమును గూర్చి చెప్పుట మేలని నాకు తోచినది. ఏలయన మన యిండ్లలో ప్రతిదినమును జరుగు చర్చలను పరిశీలింపుడు. పిల్లవానిని ఏ చదువునకు పంపవలెను, ఏ యుద్యోగమున ప్రవేశపెట్టవలెను, వచ్చిన రాబడిని ఎట్లు ఖర్చు పెట్టవలెను, సెలవు దినమున బిడ్డలను ఎచటికి తీసికొనిపోవలెను, వంటయింటి భారమును ఎవరు వహింపవలెను అనునవియే మన చర్చలు. ఈ ప్రశ్నలలో పెక్కింటికి పంతులుగారు తమ నడవడిచేతనే సమాధానము చెప్పియున్నారు.

నాలుగు ఆశ్రమములలో గృహస్థాశ్రమమే శ్రేష్ఠమని ధర్మశాస్త్రకారుల నిర్ణయము. తక్కిన మూడాశ్రమములవారికిని అన్నము పెట్టువాడు గృహస్థుడే గదా! తనకొఱకు మాత్రమే వండుకొనువాడు పాపమునే భుజించుచున్నాడని గీత తృతీయాధ్యాయమునందలి బోధ. మన పెద్దలు వైశ్వదేవమైన పిమ్మట వాకిటికి వచ్చి, అతిథి యెవడైన వచ్చునేమోయని కొంతసేపు చూచి, తరువాతనే విస్తరి యెదుట కూర్చుండెడివారు. ఆ యాచారము నేడు మన యిండ్లలో అరుదైపోయినది. కాని దాని యర్థము నశింపలేదు. ఆ యర్థమును వంటయింటినుండి వర్తకమునకును, వర్తకమునుండి దేశమునకును విస్తరింపజేసిన గృహస్థుడు నాగేశ్వరరావు పంతులుగారు.

జననము, విద్యాభ్యాసము

పంతులుగారు 1867వ సంవత్సరము మే నెల 1వ తేదీన కృష్ణామండలమున జన్మించిరి. తండ్రి బుచ్చయ్యగారు, తల్లి శ్యామలాంబగారు. ఎలకుఱ్ఱు వారి కుటుంబమునకు స్వగ్రామము. అప్పటికి బెజవాడయొద్ద కృష్ణానదికి ఆనకట్ట పూర్తియై పండ్రెండేండ్లు మాత్రమే కావచ్చినది. అంతకు పూర్వము ఈ సీమ యెట్లుండెడిదో మన ముత్తాతలు కథలుగా చెప్పెడివారు. 1832–33లో వచ్చిన నందన కరవున గుంటూరు సీమయందు జనము కుప్పలుగా కూలిపోయిరి. డొక్కల కరవని దానికి పేరు. 1855లో ఆనకట్ట పూర్తియై కాలువలు సాగిన పిమ్మట మెట్టభూములు మాగాణులయ్యెను. జొన్నకూటితో కాలము గడపిన అనేక కుటుంబములకు వరియన్నము సుపరిచితమయ్యెను. కాలువలమీద పడవలు బందరునకును బెజవాడకును నడచుచుండెను. ఈ విధముగ కడుపునకు తిండి కుదిరిన తరువాత చదువుమీద దృష్టి ప్రసరించిన మొదటి తరమువారిలో పంతులుగా రొకరు.

వీరు స్వగ్రామమునను, పిమ్మట బందరునను చదివి, చెన్నపట్టణమునకు పోయి క్రైస్తవ కళాశాలయందు చేరి 1891లో పట్టభద్రులైరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారి వివేకవర్ధనిలోని వ్యాసములు వీరి మనస్సున బాల్యమునందే నాటుకొనెనని చరిత్రకారులు చెప్పుదురు. పత్రిక యనునది యొక మనుష్యుని మార్చగలదని స్వానుభవమున తెలిసికొనినవాడే పత్రికకొఱకు తన సర్వస్వమును వెచ్చింపగలడు.

జీవిక

ఆ కాలమున బి.ఏ. పట్టము అనగా సామాన్యము కాదు. ఊరిలో నొకడు పట్టభద్రుడైనచో చుట్టుపట్ల గ్రామములవారు వచ్చి చూచి పోయెడివారు. అట్టి వానికి తాలూకా కచ్చేరియో, కలెక్టరు హుజూరో, లేక న్యాయవాదవృత్తియో సిద్ధముగ నుండును. మన కుటుంబములలో వైదికవృత్తి, కరణికము, ఉపాధ్యాయత్వము, సర్కారు నౌకరి అను నాలుగింటిని దాటి ఆలోచించినవారు అరుదు. వర్తకము మనది కాదను భావము బలముగ నుండెను. త్రాసు పట్టుట కులమునకు తక్కువ యని తలచిన పెద్దలును కలరు.

పంతులుగా రాత్రోవను విడచిరి. కలకత్తాలో కొంతకాలము వ్యాపారపు మెలకువలు నేర్చి, పిమ్మట బొంబాయి చేరి, ఐరోపీయుల వర్తకసంస్థ యొకదానిలో పని చేసిరి. తెలుగు పలుకు వినరాని దూరదేశము; బంధువులు లేరు; మన వంట లేదు. కృష్ణాతీరమున పప్పు, గోంగూర, ఆవకాయ, గడ్డపెరుగులతో పెరిగినవానికి దేశాంతరమున మొదట కలుగు బాధ నాలుకదే యని పరదేశములలోనున్న మన బిడ్డలందఱును ఎఱుగుదురు. అయినను వారు అచ్చటనే నిలిచి, 1893లో అమృతాంజనమను లేపనౌషధమును తయారుచేసి అమ్మసాగిరి.

ఇది యొక సాహసము. పట్టభద్రుడైన బ్రాహ్మణయువకుడు తలనొప్పి మందు నమ్ముట ఆనాటి బంధువులకు గర్వకారణముగ నుండెనని నేననుకొనను. అయినను పంతులుగా రొక సత్యమును గ్రహించిరి. ప్రతి కుటుంబమునకును నిత్యము కావలసిన వస్తువును, బీదవాడు సైతము కొనగల వెలకు, మోసము లేకుండ అందించుటయు నొక సేవయే. అందువలన వచ్చు లాభము నింద్యము కాదు. సంగీతసభలలో దీనిని ఉచితముగ పంచిపెట్టి జనులకు పరిచయము చేసిరని చెప్పుదురు. ఒకసారి వాడినవారు మరల కొనిరి. క్రమముగ పసుపుపచ్చని ఆ లేపనపు చిన్న గాజుసీసా దేశమంతటను వ్యాపించెను. మన యింటి గోడగూటిలో విభూతిసంచికిని పంచాంగమునకును ప్రక్కన దానికొక స్థానమేర్పడెను. అమ్మమ్మ మోకాలికిని, బాలింతరాలి నడుముకును, పరీక్షకు చదువుకొను పిల్లవాని నొసటికిని అదే మందు. మూడుపదులేండ్లకు పైగా బడిపిల్లల మధ్య గొంతు చించుకొనిన మావంటి ఉపాధ్యాయుల సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. సీసా యుడిగిన పిమ్మటను దానిని పాఱవేయక కడిగి కుంకుమయో, నస్యమో పోసికొనుట మన గృహిణుల పొదుపు.

ఇంటికొక పత్రిక

ధనము చేకూరినది. ఇక నేమి చేయవలెను? సామాన్యుడు స్వగ్రామమున మాగాణి కొని, మేడ కట్టును. పంతులుగారి మనస్సు వేఱొక వైపునకు తిరిగెను. 1907 డిసెంబరులో సూరతు నగరమున జరిగిన కాంగ్రెసు మహాసభకు వారు హాజరైరి. అతివాద మితవాదులు చీలిపోయిన సభ యది. దేశమున నింతటి సంక్షోభము జరుగుచుండగా తెలుగువారికి తమ భాషలో ఆ వార్తలు తెలియజెప్పు సాధనము చాలదని గ్రహించి, మఱుసటి యేడు 1908లో బొంబాయినగరముననే ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించిరి. తెలుగు అక్షరములు కూర్చువారు దొరకుటయే కష్టమైన చోట తెలుగు పత్రికను నడపుట యెంత ప్రయాసమో ముద్రణాలయముల సంగతి నెఱిగినవారికి తెలియును.

1914 ఏప్రిల్ 1వ తేదీన చెన్నపట్టణమునుండి ఆంధ్రపత్రిక దినపత్రికగా వెలువడెను. ఆ నెలలోనే బెజవాడ రామమోహన గ్రంథాలయమున ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడుట గమనింపదగిన విషయము. ఒక వైపున పత్రిక, మఱియొక వైపున గ్రంథాలయము. రెండును ఒకే యాకలిని తీర్పవచ్చినవి. నాలుగు మాసములలో ఐరోపా మహాసంగ్రామ మారంభమయ్యెను. యుద్ధవార్తల కొఱకు పల్లెలు సైతము తహతహలాడెను. సాయంకాలము ఊరి యరుగుమీద నొకడు పత్రిక చదువగా పదిమంది చుట్టును చేరి వినుట ఆ కాలమున సాధారణదృశ్యము. తలుపు చాటున నిలిచి వినిన స్త్రీలు ఎందఱో! లోకవార్తలు వంటయింటి గడప దాటి లోనికి ప్రవేశించుట అట్లారంభమైనది. ఏటేట వెలువడిన ఆంధ్రపత్రిక ఉగాదిసంచికలు పండితులకును సామాన్యులకును పండుగ కానుకలయ్యెను. ఉగాదిపచ్చడితోపాటు ఆ సంచికకును ఎదురుచూచిన ఇండ్లు మన సీమలో చాల నుండెను.

భారతి, గ్రంథమాల

1924 జనవరిలో వారు భారతి యను సాహిత్యమాసపత్రికను స్థాపించిరి. శాసనపరిశోధనము, భాషాచర్చ, కవిత్వము, కథ అన్నియు అందు చోటు చేసికొనెను. సంప్రదాయపండితుడును నవ్యకవియు ఒకే సంచికలో ప్రక్కప్రక్కన కూర్చుండగలిగిరి. ఇది గృహయజమానునకు కావలసిన గుణము. తన పంక్తిలో భిన్నరుచులవారిని కూర్చుండబెట్టి, ఎవరికి కావలసినది వారికి వడ్డించి, జగడము లేకుండ లేవనెత్తుట సామాన్యమైన నేర్పు కాదు.

ఆంధ్రగ్రంథమాలను స్థాపించి, ప్రాచీనగ్రంథములను తక్కువ వెలకు ప్రకటించిరి. పాల్కురికి సోమనాథుని బసవపురాణము వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పీఠికతో 1926లో వెలువడుట ఈ గ్రంథమాల చేసిన మహోపకారములలో నొకటి. మన కృష్ణామండలమునందలి పెనుగంచిప్రోలున జన్మించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమను బృహత్కార్యమును తలపెట్టి, అది పూర్తికాకుండగనే 1923లో పరమపదించిరి. మిత్రుడు విడిచిపోయిన పనిని కొనసాగించుటకు పంతులుగారు పూనుకొనిరి. ఒకరి యింట పెద్ద పోయినప్పుడు ప్రక్కయింటివాడు వచ్చి పొలము దున్ని పెట్టుట మన పల్లెలలో ధర్మము. వీరు విద్యాక్షేత్రమున అదియే చేసిరి.

గ్రంథాలయములకును, విద్యార్థులకును, కవులకును, కష్టములోనున్న కుటుంబములకును వారు చేసిన దానములకు లెక్కలేదు. విశ్వదాత యని లోకము పిలిచినది. ఈ బిరుదమునకు కులము లేదు, శాఖ లేదు. ఆంధ్రవిశ్వవిద్యాలయమువారు 1935లో కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించిరి.

కారాగారము, శ్రీబాగు

సుమారు పదియేండ్లు ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు అధ్యక్షులుగ నుండి, ఉప్పు సత్యాగ్రహకాలమున చెరసాలకు పోయిరి. అఱువదియేండ్లు దాటిన వయస్సు, నడుచుచున్న వ్యాపారము, ప్రతి ఉదయమును వెలువడవలసిన పత్రిక, ఇంట కుటుంబము. వీనినన్నిటిని విడచి పోవుట యువకుడు పోవుటవంటిది కాదు. ఆ కారాగారమున వారు భగవద్గీతకు వ్యాఖ్యానము వ్రాసిరి. జీవితమంతయు ఆచరించినదానిని చివరకు అక్షరములలో పెట్టిరని నేను తలచుచున్నాను.

1937 నవంబరు 16వ తేదీన చెన్నపట్టణమునందలి వారి గృహమైన శ్రీబాగున, కోస్తా రాయలసీమ నాయకులు సమావేశమై యొక యొడంబడికకు వచ్చిరి. ప్రత్యేకాంధ్రరాష్ట్ర మేర్పడినచో రాజధాని, ఉన్నతన్యాయస్థానములలో నొకదానిని కోరుకొను హక్కు మొదట రాయలసీమవారిది. కృష్ణా, తుంగభద్ర, పెన్న నదుల జలముల విషయమున పదేండ్లవఱకు, లేక అవసరమైనంతకాలము, ఆ సీమకే ప్రాధాన్యము. ఈ నిబంధనలను చదివినప్పుడెల్ల నాకు మన కుటుంబములలోని భాగపంపకములు జ్ఞప్తికి వచ్చును. కాలువనీటితో బలిసిన అన్న, వర్షముకొఱకు ఆకాశము చూచు తమ్మునితో, ముందు నీవు కోరుకొనుమని చెప్పుటయే గదా ఇది! కృష్ణాడెల్టాలో పుట్టి, ఆ నీటి విలువ నెఱిగిన వ్యక్తి యింటిలో నది జరుగుట మనకు గర్వకారణమును, హెచ్చరికయును. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము కర్నూలు రాజధానిగ నేర్పడెను. దానిని చూచుటకు పంతులుగారు లేరు. ఒడంబడిక జరిగిన అయిదు మాసములలోపలనే, 1938 ఏప్రిల్ 11వ తేదీన వారు స్వర్గస్థులైరి.

కుటుంబము

పంతులుగారు తమ కుమార్తెను శివలెంక శంభుప్రసాదుగారి కిచ్చి వివాహము చేసిరి. మామగారి యనంతరము అమృతాంజనమును, ఆంధ్రపత్రికను, భారతిని శంభుప్రసాదుగారు 1972లో తాము మరణించువఱకు నిర్వహించిరి. ఆంధ్రపత్రిక తరువాతి కాలమున మన విజయవాడనుండియు వెలువడి, 1991 ప్రాంతమున నిలిచిపోయినది. భారతియు నిలిచినది. అమృతాంజన మిప్పటికిని అంగడులలో దొరకుచున్నది. సంపాదనసాధనము మిగిలి, దానివలన పెరిగిన జ్ఞానసాధనములు నిలిచిపోవుట విచారకరమే. కాని ఆ నిలిచిపోవుటకు మనమును కొంత బాధ్యులము. చదువరి లేని పత్రిక తినువాడు లేని వంటవంటిది.

ఇచట నొక మాట. దాత యని లోకము ఒకనినే కీర్తించును. వేళగాని వేళ నలుగురు అతిథులు వచ్చినప్పుడు మరల పొయ్యి రాజేసి, ఎసరు పెట్టి, నవ్వుమొగముతో వడ్డించు నిల్లాలిని ఏ చరిత్రకారుడును వర్ణింపడు. పెట్టెడి చేయి పురుషునిదైనను, వండెడి చేయి స్త్రీది. నేటి మన యిండ్లలో భార్యాభర్తలిరువురును ఉద్యోగములకు పోవుచున్నారు. ఇద్దఱును సమానముగ నలసి యిల్లు చేరినప్పుడు వంటయింటి భారము ఒకరిమీదనే పడుట ధర్మము కాదు. పురుషుడు కూర తఱుగుట అగౌరవమను భావమును, వర్తకము అగౌరవమను పూర్వపు భావముతోపాటు మనము విడువవలెను.

మనకు కర్తవ్యము

ఈ సంచికను చదువుచున్న తల్లిదండ్రులకు నా విన్నపములు కొన్ని కలవు. మన బిడ్డలలో తొంబదిమంది ఒకే చదువు చదివి, ఒకే రీతి యుద్యోగమునకు, ఒకే దేశమునకు పోవుచున్నారు. పోవుట తప్పు కాదు. పంతులుగారును బొంబాయికి పోయినవారే. కాని వేఱొక త్రోవ తొక్కదలచిన పిల్లవాడు ఇంటిలో నున్నచో, వానిని బంధువుల యెదుట చులకన చేయకుడు. చిన్న కార్ఖానా పెట్టెదననువాడు, వంటకములు చేసి అమ్మెదననునది, వ్యవసాయమునకు మరలెదననువాడు మన మెచ్చుకోలు లేకనే వెనుదీయుచున్నారు. 1893లో నాగేశ్వరరావుగారు అట్లు వెనుదీసియున్నచో నేను నేడు వ్రాయుటకు కథయే లేదు.

సెలవు దినములలో బిడ్డలను వినోదోద్యానములకు గొనిపోయి, జారుడుబల్లలు, నీటికొలనులు, తిరుగు చక్రములు చూపి తెచ్చుచున్నాము. బిడ్డలు నవ్వుట కంటె తల్లిదండ్రులకు కావలసిన దేమున్నది? అదియు కావలసినదే. అయితే చెన్నపట్టణమున బంధువుల యింటికి పోయినప్పుడు మైలాపూరు లజ్ ప్రాంతమున నాగేశ్వరరావు పార్కను చిన్న తోట కలదు. ప్రవేశరుసుము లేదు. పిల్లలు ఆడుకొనవచ్చును, పెద్దలు చెట్లనీడను కూర్చుండవచ్చును. అది యెవరి పేరని బిడ్డ అడిగినప్పుడు ఈ కథ చెప్పుడు. అట్లే ఇంటిలో గోడగూటియందలి ఆ పసుపుపచ్చ సీసాను చూపియు చెప్పవచ్చును.

చివరగా మన సంఘపోషకులకు నొక మనవి. నాగేశ్వరరావు పంతులుగారు మనవారని చెప్పుకొనుట సులభము. వారి పటమును వేదికపై నుంచి పూలమాల వేయుటయు సులభమే. కాని వారు తమ ధనమును మనవారి కొఱకు మాత్రమే వినియోగింపలేదు. వారి మందు ఏ నొసటనైనను పనిచేసినది. వారి పత్రికను ఏ యరుగుమీదనైనను చదివిరి. మనము మాత్రము సంఘనిధిని మన పిల్లల విద్యార్థివేతనములకును, మన కల్యాణమంటపములకును, మన భోజనశాలలకును వెచ్చించి, పంతులుగారి పేరు చెప్పుకొనుట న్యాయమా? అది తనకొఱకు మాత్రమే వండుకొనుట కాదా?

కావున ఈ మహాసభయందు ఒక తీర్మానము చేయవలెనని కోరుచున్నాను. మన నిధిలో పదవవంతును కులభేదము, శాఖాభేదము లేక మన ప్రాంతములోని గ్రామగ్రంథాలయములకును, పేదవిద్యార్థుల పుస్తకములకును ప్రతియేటను వినియోగింపవలెను. ఎలకుఱ్ఱు చుట్టుపట్ల గ్రామములనుండియే ఈ పని ప్రారంభింపవచ్చును. మొత్తము పెద్దది కాకపోవచ్చును. గృహస్థుడు అతిథికి పెట్టునది తన వంటలో కొంత భాగమే. అయినను ఆ భాగము తీసిన పిమ్మట మిగిలినదే శుద్ధాన్నమని మన పెద్దల నమ్మకము. ఆ నమ్మకమును నిలుపుకొనినచో మన సంఘము వర్ధిల్లును. పంతులుగారిని మనవారని చెప్పుకొను అర్హతయు మనకు కలుగును.